పట్టు జారేదెక్కడ?
(పాత కారు గేరుపెట్టెకు రోగ నిర్ణయం)

మీరు సైకిలు మీద ఎత్తు ఎక్కుతున్నారనుకోండి. బలమంతా కూడదీసుకుని పెడలు తొక్కారు. పెడలు గిర్రున తిరిగింది. గొలుసూ తిరిగింది. సైకిలు మాత్రం ముందుకు కదలలేదు! గొలుసు ఊడిపోలేదు, తెగిపోలేదు. మరి మీ కాళ్ళ బలం ఏమైనట్లు?

సైకిలు షాపు అతను ఒక్కసారి వెనుక చక్రం వంక చూసి, "ఫ్రీవీలు పోయింది" అనేస్తాడు. ఇందులో మంత్రమేమీ లేదు. బలం పెడలు నుంచి గొలుసుకు, గొలుసు నుంచి ఫ్రీవీలుకు, ఫ్రీవీలు నుంచి చక్రానికి అందాలి. గొలుసు తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు. అంటే దోషం ఆ రెంటి మధ్యనే ఉండాలి. మధ్యనున్నది ఫ్రీవీలు ఒక్కటే!

కార్లలోనూ ఇలాంటి జబ్బే ఒకటుంది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను హోరుమంటుంది. కారు మాత్రం అందుకు తగ్గట్టుగా వేగం అందుకోదు. గేర్లను తనంత తానే మార్చుకునే 'ఆటోమేటిక్ గేరుపెట్టె' ఉన్న పాత కార్లకు ఈ జబ్బు వస్తూ ఉంటుంది. "గేరుపెట్టె జారుతోంది" అంటారు మెకానిక్కులు. ఎదురుగా లారీ వస్తుండగా, ముందున్న బండిని దాటబోయేటప్పుడు ఇలా జరిగితే ఎంత ప్రమాదమో ఊహించండి. పోనీ, గేరుపెట్టెను దింపి, విప్పి బాగుచేయిద్దామా అంటే అది పెద్ద ఖర్చు. ఒక్కోసారి పాత కారు వెలకన్నా ఆ ఖర్చే ఎక్కువవుతుంది. అయితే, సరిగ్గా ఇలాగే కనిపించే జబ్బు ఒక లీటరు ఆయిలు పోస్తే నయమయ్యే సందర్భాలూ ఉన్నాయి!

ఏది ఏదో తెలుసుకోవడం ఎలా? పెట్టెను విప్పకుండానే లోపల ఏ భాగం జారుతోందో చెప్పడం సాధ్యమా? సాధ్యమే. సైకిలు షాపు అతని తర్కమే ఇక్కడా పనికి వస్తుంది. అయితే ముందుగా ఆ పెట్టెలో ఏముందో మనకు తెలియాలి.

మనం ఎన్నుకున్న ఉదాహరణ

ఆటోమేటిక్ గేరుపెట్టెలలో ఎన్నో రకాలున్నాయి. వాటిలో ఒకదాన్ని తీసుకుందాం. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1956లో 'టార్క్‌ఫ్లయిట్' అనే మూడు గేర్ల పెట్టెను ప్రవేశపెట్టింది. 1960 మోడలుగా వచ్చిన ప్లిమత్ వాలియంట్ అనే కారుకోసం అందులోనే ఒక చిన్న రకం తయారుచేశారు. వాలియంట్ల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. అయినా పాత కార్లమీద మక్కువ ఉన్నవారు వాటిని జాగ్రత్తగా కాపాడుకుంటూ ఈనాటికీ నడుపుతున్నారు. ఆ గేరుపెట్టెకు కంప్యూటరు లేదు. పళ్ళచక్రాలు, స్ప్రింగులు, కవాటాలు, ఆయిలు - వీటితోనే పనంతా జరుగుతుంది. కనుక దాని నడక అర్థం చేసుకోవడం తేలిక.

మన దేశంలో దశాబ్దాలపాటు తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో గేరు మార్చాలంటే డ్రైవరు ఎడమకాలితో క్లచ్ నొక్కి, చేత్తో లివరు కదపవలసిందే. ఆటోమేటిక్ కారులో క్లచ్ పెడలే ఉండదు. మరి ఇంజనుకూ చక్రాలకూ సంబంధం ఎలా కలుస్తుంది?

ఆయిలు కలిపిన బంధం

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా, దగ్గరగా పెట్టండి. ఒకదానికే కరెంటు ఇవ్వండి. రెండోదాని ప్లగ్గు ఊడదీసి ఉన్నా దాని రెక్కలు మెల్లగా తిరగడం మొదలుపెడతాయి. మొదటి ఫ్యాను తోసిన గాలే రెండోదాన్ని తిప్పుతోందన్నమాట. (జాలీ బిగించి ఉన్న ఫ్యాన్లతోనే ఈ ప్రయోగం చేయండి.)

గాలికి బదులు ఆయిలు ఉంచి, రెండు రెక్కల చక్రాలనూ ఒకే డొప్పలో మూసేస్తే బంధం ఎన్నో రెట్లు గట్టిదవుతుంది. హెర్మన్ ఫెట్టింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో ఓడలకోసం ఈ ఉపాయం కనిపెట్టాడు. కార్లలో దీన్నే 'టార్క్ కన్వర్టరు' అంటారు. మొదటి రెక్కల చక్రాన్ని ఇంజను తిప్పుతుంది. ఆయిలు తాకిడికి రెండోది తిరిగి, ఆ తిప్పుడును గేరుపెట్టెకు అందిస్తుంది. మధ్యనున్న మూడో రెక్కల చక్రం ఆయిలును మళ్ళించి, బండి కదిలేటప్పుడు తిప్పే బలాన్ని పెంచుతుంది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. రెండో ఫ్యాను ఎప్పుడూ మొదటిదానికన్నా కాస్త నెమ్మదిగానే తిరుగుతుంది. అంటే పాత ఆటోమేటిక్ కార్లలో కొద్దిపాటి జారుడు సహజం. అది జబ్బు కాదు.

సూర్యుడు, గ్రహాలు

కన్వర్టరు వెనుకనే అసలు గేర్లు ఉంటాయి. వాటి అమరిక చూడముచ్చటగా ఉంటుంది. మధ్యలో ఒక పళ్ళచక్రం. దానికి 'సూర్యచక్రం' అని పేరు. దాని చుట్టూ దానితో పళ్ళు కలిపి తిరిగే చిన్న 'గ్రహచక్రాలు'. అన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న 'వలయచక్రం'. గ్రహచక్రాలన్నీ ఒక చట్రానికి బిగించి ఉంటాయి. టార్క్‌ఫ్లయిట్‌లో ఇలాంటి కుటుంబాలు రెండున్నాయి. రెంటికీ సూర్యచక్రం ఒక్కటే. హవర్డ్ సింప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన అమరిక ఇది.

ఈ కుటుంబం గుణం చూడండి. సూర్యచక్రం, చట్రం, వలయచక్రం - ఈ మూడింటిలో ఒకదాన్ని కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని తిప్పితే, మూడోది ఒక నిర్ణీత వేగంతో తిరుగుతుంది. దేన్ని పట్టుకున్నామన్నదాన్నిబట్టి ఆ వేగం మారుతుంది. రెంటిని ఒకటిగా కలిపి తిప్పితే మూడూ కలిసి ఒకే వేగంతో తిరుగుతాయి. దేన్నీ పట్టుకోకపోతే? చక్రాలు ఊరికే తిరుగుతాయి. బలం మాత్రం ముందుకు పోదు.

ఇక్కడే ఉంది కీలకం. అంబాసిడర్‌లో గేరు మార్చడమంటే ఒక గేరుకు పెట్టిన బంధం తీసి ఇంకో గేరుకు బంధం వేయడం. ఇక్కడ పళ్ళచక్రాలన్నీ ఎప్పుడూ కలిసే ఉంటాయి. మారేది పట్టు మాత్రమే. కనుక ఆటోమేటిక్ గేరుపెట్టె జారుతోందంటే, పళ్ళు అరిగాయని అర్థం కాదు. ఎక్కడో పట్టుకోవలసినది పట్టుకోవడం లేదని అర్థం.

అయిదు పట్లు

ఈ పెట్టెలో పట్టుకునే సాధనాలు అయిదున్నాయి. అందులో రెండు క్లచ్‌లు, రెండు బ్యాండ్లు, ఒక ఏకదిశ క్లచ్.

క్లచ్ పని తెలియాలంటే రెండు నోటుపుస్తకాలు తీసుకుని, ఒకదాని పేజీల మధ్య రెండోదాని పేజీలను ఒక్కొక్కటిగా చొప్పించండి. ఇప్పుడు రెంటినీ విడదీయడానికి లాగండి. ఎంత గట్టిగా పట్టుకున్నాయో చూశారా! క్లచ్‌లో పేజీలకు బదులు గుండ్రని పలుచని బిళ్ళలుంటాయి. ఒకటి ఉక్కు బిళ్ళ, తర్వాతిది గరుకు పూత ఉన్న బిళ్ళ, మళ్ళీ ఉక్కు బిళ్ళ - ఇలా పేర్చి ఉంటాయి. ఆయిలు పీడనంతో ఒక పిస్టను వాటిని నొక్కగానే అన్నీ కలిసి ఒకే ముక్కలా తిరుగుతాయి.

బ్యాండు అంటే తిరిగే డ్రమ్ము చుట్టూ ఉండే ఉక్కు పట్టీ. నడుముకు బెల్టు బిగించినట్లు దాన్ని బిగిస్తే డ్రమ్ము ఆగిపోతుంది. దాన్ని బిగించేదీ ఆయిలు పీడనమే.

ఇక ఏకదిశ క్లచ్ మన సైకిలు ఫ్రీవీలుకు స్వయానా అన్న. ఒకవైపు తిప్పబోతే బిగిసిపోతుంది, రెండోవైపు వదిలేస్తుంది. దీనికి మాత్రం ఆయిలు పీడనంతో పని లేదు.

ఏ గేరులో ఏవి పట్టుకుంటాయో ఈ పట్టిక చెబుతుంది. దీన్ని మీ నోటుపుస్తకంలో రాసుకోండి. మన పరిశోధనకు ఇదే ఆయుధం.

లివరు 'డి'లో, మొదటి గేరు: వెనుక క్లచ్ + ఏకదిశ క్లచ్
లివరు '1'లో, మొదటి గేరు: వెనుక క్లచ్ + వెనుక బ్యాండు
రెండో గేరు: వెనుక క్లచ్ + ముందు బ్యాండు
మూడో గేరు: వెనుక క్లచ్ + ముందు క్లచ్
రివర్సు: ముందు క్లచ్ + వెనుక బ్యాండు

నిజంగా జారుతోందా?

ఇప్పుడు రోగి మన ఎదుట ఉన్నాడు. "మా వాలియంట్ జారుతోంది" అంటున్నారు యజమాని. మంచి వైద్యుడు వెంటనే కత్తి పట్టుకోడు. ముందు నాడి చూస్తాడు. మనమూ చిన్న లెక్కతో నాడి చూద్దాం.

కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అంటే నిమిషానికి 1000 మీటర్లు. టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు అనుకుంటే, చక్రం నిమిషానికి 500 సార్లు తిరగాలి. వెనుక ఇరుసు దగ్గరున్న గేర్ల నిష్పత్తి 3.23 అనుకుందాం, అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే గేరుపెట్టె నుంచి వచ్చే కడ్డీ 3.23 సార్లు తిరగాలి. 500 × 3.23 = 1615. మూడో గేరులో గేరుపెట్టె నిష్పత్తి 1 కనుక ఇంజను కూడా నిమిషానికి దాదాపు 1615 చుట్లు తిరగాలి. కన్వర్టరులోని సహజమైన జారుడుకు మరికొంత కలిపి 1700 వరకు ఉన్నా బాగున్నట్లే.

మెకానిక్ ఇంజను చుట్లు చూపే మీటరు తగిలించి, సమతలమైన రోడ్డుమీద కారు నడిపించాడు. వేగం 60 దగ్గర మీటరు సుమారు 2400 చూపింది. ఇంకేం, గేరుపెట్టె జారుతున్నట్లే కదా!

తొందరపడకండి. ఈ పెట్టెలో రెండో గేరు నిష్పత్తి 1.45. మన 1615ను 1.45తో గుణించండి. 2342 వచ్చింది కదూ? కన్వర్టరు జారుడు కొంచెం కలిపితే దాదాపు 2400! అంటే ఈ కారు జారడం లేదు; రెండో గేరులోనే ఉండిపోయి మూడో గేరులోకి మారలేదు. అది వేరే జబ్బు. దానికి మందూ వేరే.

జారుడుకు గుర్తు ఇది: మీటరు చూపే అంకె ఏ గేరు నిష్పత్తితోనూ సరిపోదు. పైగా యాక్సిలరేటరు తొక్కినకొద్దీ చుట్లు పెరుగుతాయి, బండి వేగం మాత్రం పెరగదు. అదే ఇంజను నీరసంగా ఉంటే చుట్లూ పెరగవు, వేగమూ పెరగదు. మూడు జబ్బులనూ ఒకే మీటరు వేరుచేసి చెప్పిందన్నమాట. నేటి ఆటోమేటిక్ కార్లలో కంప్యూటరు చేసేదీ ఈ లెక్కే. గేరుపెట్టెలోకి వచ్చే వేగాన్ని, బయటికి పోయే వేగాన్ని కొలిచి, నిష్పత్తి కుదరకపోతే డ్రైవరుకు హెచ్చరిక దీపం వెలిగిస్తుంది.

మొదటి ప్రశ్న ఆయిలుకు

లెక్క వేశాం. నిజంగానే జారుతోందని తేలింది. ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? అతి తేలికైన, అతి చౌక అయిన పరీక్షతో. అంటే ఆయిలుతో.

క్లచ్‌లనూ బ్యాండ్లనూ బిగించేది ఆయిలు పీడనమేనని చెప్పుకున్నాం. ఆయిలు మట్టం తగ్గితే పంపు ఆయిలుతోబాటు గాలినీ పీలుస్తుంది. గాలి చేరితే ఏమవుతుంది? సూది లేని సిరంజిలో నీళ్ళు నింపి, మూతి వేలితో మూసి, పిస్టను నొక్కండి. కదలదు. ఇప్పుడు నీళ్ళు తీసేసి గాలితోనే ప్రయత్నించండి. పిస్టను మెత్తగా లోపలికి పోతుంది. గాలి బుడగలు కలిసిన ఆయిలు కూడా ఇలాగే నొక్కుకుపోతుంది; క్లచ్ మీద చాలినంత ఒత్తిడి పడదు. బిళ్ళలు జారతాయి.

విచిత్రమేమంటే, ఆయిలు మరీ ఎక్కువైనా ఇదే జరుగుతుంది. తిరిగే చక్రాలు ఆయిలులో మునిగి, కవ్వంతో మజ్జిగ చిలికినట్లు చిలికి నురుగు తెప్పిస్తాయి. నురుగంటే మళ్ళీ గాలే కదా!

టార్క్‌ఫ్లయిట్‌లో ఆయిలు కొలవడానికి ఒక పద్ధతుంది. కారు సమతలంగా నిలిచి ఉండాలి. హ్యాండు బ్రేకు వేసి ఉండాలి. ఆయిలు వేడెక్కి ఉండాలి. ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ఉండగా, లివరు న్యూట్రల్‌లో పెట్టి, కొలపుల్ల తీసి చూడాలి. అన్ని కార్లకూ పద్ధతి ఇదే అనుకోవద్దు. ఏ కారు పద్ధతి ఆ కారు పుస్తకంలో ఉంటుంది.

మట్టమే కాదు, రంగూ వాసనా కూడా చూడాలి. ఈ ఆయిలు మామూలుగా ఎర్రగా, తేటగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వేస్తుంటే లోపల బిళ్ళల పూత కాలిందని అనుమానించాలి. గులాబీరంగు పాలలా కనిపిస్తే నీళ్ళు కలిశాయన్నమాట. నీళ్ళెక్కడివి? ఈ ఆయిలును చల్లార్చే గొట్టం రేడియేటరు తొట్టిలోనే ఉంటుంది. దానికి చిల్లుపడితే రేడియేటరు నీళ్ళు లోపలికి వస్తాయి.

ఆయిలు తక్కువగా ఉందని పోసేసి ఊరుకోకూడదు. ఇంజనులో పెట్రోలు మండినట్లు గేరుపెట్టెలో ఆయిలు మండిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు వెతకాలి.

రెండో ప్రశ్న కడ్డీకి

ఆయిలు బాగానే ఉంది. అప్పుడు యాక్సిలరేటరు నుంచి గేరుపెట్టెకు వెళ్ళే సన్నని కడ్డీని చూడాలి. డ్రైవరు ఎంత గట్టిగా తొక్కుతున్నాడో ఈ కడ్డీ గేరుపెట్టెకు చెబుతుంది. ఎక్కువగా తొక్కితే ఇంజను ఎక్కువ బలం ఇస్తుంది; దాన్ని తట్టుకోవాలంటే క్లచ్‌లను మరింత గట్టిగా బిగించాలి. కనుక కడ్డీ కదిలినకొద్దీ లోపల ఆయిలు పీడనం పెరుగుతుంది.

ఈ కడ్డీ అమరిక తప్పితే? ఇంజను పూర్తి బలంతో తిప్పుతుంటుంది. గేరుపెట్టె మాత్రం "డ్రైవరు మెల్లగా పోతున్నాడు" అనుకుని మెత్తగా పట్టుకుంటుంది. పట్టు జారుతుంది. గేర్లు కూడా త్వరత్వరగా, వేళకాని వేళ మారిపోతాయి. దీనికి మందు కడ్డీ పొడవును సరిచేయడమే. పెట్టెను ముట్టుకోనక్కరలేదు!

పట్టిక చెప్పే సాక్ష్యం

ఆయిలూ సరే, కడ్డీ సరే. అయినా జారుతోంది. ఇప్పుడు కారును ఒక్కొక్క గేరులో నడిపి, ఏ గేరులో జారుతోందో, ఏ గేరులో జారడం లేదో రాసుకోవాలి. జారని గేర్లు ఇచ్చే సాక్ష్యం జారే గేర్ల సాక్ష్యమంత విలువైనది.

ఉదాహరణకు మూడో గేరులో జారుతోంది, రివర్సులోనూ జారుతోంది. మొదటిదీ రెండోదీ బాగున్నాయి. పట్టిక చూడండి. మూడో గేరులో పనిచేసేవి వెనుక క్లచ్, ముందు క్లచ్. వెనుక క్లచ్ మొదటి, రెండో గేర్లలో బాగానే పట్టుకుంటోంది కనుక అది నిర్దోషి. మిగిలింది ముందు క్లచ్. అదే రివర్సులోనూ ఉంది! దొంగ దొరికాడు.

ఇంకొకటి. 'డి'లో పెట్టి బయలుదేరితే మొదటి గేరు జారుతోంది. లివరు '1'లో పెడితే చక్కగా లాగుతోంది. రెండు సందర్భాల్లోనూ ఉన్నది మొదటి గేరే. రెంటిలోనూ వెనుక క్లచ్ ఉంది. 'డి'లో ఏకదిశ క్లచ్ చేసే పనిని '1'లో వెనుక బ్యాండు చేస్తుంది. కనుక దోషం ఏకదిశ క్లచ్‌ది. అంటే సైకిలుకు వచ్చిన జబ్బే కారుకూ వచ్చిందన్నమాట!

మరి అన్ని గేర్లలోనూ జారితే? మీ ఇంట్లో ఒక గదిలో దీపం వెలగకపోతే ఆ బల్బునో, ఆ స్విచ్చినో అనుమానిస్తారు. ఇల్లంతా చీకటైతే బల్బులన్నీ ఒక్కసారిగా మాడిపోయాయనుకుంటారా? అనుకోరు. మెయిను దగ్గరికి వెళ్ళి చూస్తారు. ఇక్కడా అంతే. అయిదు పట్లూ ఒకే రోజున చెడిపోవడం అరుదు. అన్నిటికీ ఆయిలు పంపే పంపును, దాని మూతి దగ్గరి జల్లెడను, పీడనాన్ని అదుపుచేసే కవాటాన్ని అనుమానించాలి.

పీడనం కొలిస్తే

అనుమానం తీర్చుకోవడానికి మెకానిక్ పీడనమాపకం తగిలిస్తాడు. అందుకోసం పెట్టెకు బయటే మరలున్న రంధ్రాలుంటాయి. ముందుకు నడిపే గేర్లలో, కడ్డీని కదపనప్పుడు, ప్రధాన మార్గంలో పీడనం చదరపు అంగుళానికి 55 - 60 పౌన్ల దరిదాపుల్లో ఉండాలి. కారు టైరులో ఉండే గాలి పీడనానికి ఇది దాదాపు రెట్టింపు. కడ్డీని చివరివరకు కదిపితే అది 90 దాటాలి. రివర్సులో అంతకన్నా చాలా ఎక్కువగా, 150 పైన ఉంటుంది.

ఇక్కడా తర్కమే మనకు సాయం. ఏ ఒక్క స్థానంలోనైనా పీడనం సరిగ్గా ఉంటే చాలు, పంపు బాగున్నట్లే. ముందుకు నడిపే గేర్లన్నిటిలో పీడనం తక్కువగా ఉండి రివర్సులో సరిగ్గా ఉంటే, వెనుక క్లచ్‌కు వెళ్ళే దారిలో ఆయిలు కారిపోతోందన్నమాట. ఏళ్ళు గడిచినకొద్దీ పిస్టను చుట్టూ ఉండే రబ్బరు వలయాలు గట్టిపడి బీటలు వేస్తాయి. పాత కార్లలో పట్టు జారడానికి ఇదొక ముఖ్య కారణం. పీడనం అంతటా సరిగ్గా ఉండి కూడా జారుతుంటే బిళ్ళల పూతే అరిగిపోయి ఉండవచ్చు. అప్పుడు మాత్రం పెట్టెను విప్పక తప్పదు. అయినా మెకానిక్ చీకట్లో తడుముకోడు. ఏ భాగం కోసం విప్పుతున్నాడో అతనికి ముందే తెలుసు.

ఒక హెచ్చరిక. బ్రేకులు నొక్కి ఉంచి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతుందో చూసే పరీక్ష ఒకటుంది. దాన్ని అయిదు సెకన్లకు మించి చేయకూడదు. బ్రేకు జారితే కారు ముందుకు దూకుతుంది. అది అనుభవజ్ఞులైన మెకానిక్కులు చేసే పని. మీరు ప్రయత్నించవద్దు. జాకీ మీద నిలిపిన కారు కిందకీ ఎప్పుడూ దూరవద్దు.

ఆలస్యం చేస్తే?

"కొంచెమే కదా జారుతోంది, తర్వాత చూద్దాం" అనుకుంటే నష్టమేమిటి? అరచేతులు రెండూ గట్టిగా రుద్దండి. వెచ్చబడ్డాయి కదూ? జారే క్లచ్‌లోనూ ఇదే జరుగుతుంది.

జారే క్లచ్ 150 న్యూటన్-మీటర్ల తిప్పే బలాన్ని మోస్తోందని, దాని రెండు వైపుల వేగాల మధ్య తేడా నిమిషానికి 600 చుట్లని అనుకుందాం. నిమిషానికి 600 చుట్లంటే సెకనుకు 10 చుట్లు. ఒక చుట్టుకు 6.28 రేడియన్లు కనుక సెకనుకు 62.8 రేడియన్లు. 150 × 62.8 = 9420 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు తొమ్మిదింటిని ఆ చిన్న క్లచ్‌లో పెట్టి వెలిగించినట్లు! ఆ వేడికి బిళ్ళల పూత మాడుతుంది. మాడిన పూత మరింత జారుతుంది. మరింత జారితే మరింత వేడి. మాడిన పొడి ఆయిలులో కలిసి జల్లెడకు అడ్డుపడుతుంది. పీడనం తగ్గి, అప్పటిదాకా బాగున్న క్లచ్‌లూ జారడం మొదలుపెడతాయి. ఒక లీటరు ఆయిలుతో పోయే జబ్బు ఇలాగే పెట్టెనంతా మింగేస్తుంది.

చూశారా! ముందు లెక్కతో జబ్బు నిజమో కాదో తేల్చుకున్నాం. తర్వాత ఖర్చులేని పరీక్షలు చేశాం. ఆ తర్వాత పట్టిక సాయంతో నిర్దోషులను ఒక్కొక్కరినే వదిలేస్తూ దోషిని పట్టుకున్నాం. పెట్టెకు ఒక్క మర కూడా విప్పలేదు. మీ ఇంటి మోటారు పంపు నీళ్ళు ఎక్కించకపోయినా, రేడియో మోగకపోయినా ఇదే దారిలో ఆలోచించి చూడండి.

మీ మెదడుకు పని

పట్టిక చూసి ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పండి.

1. ముందుకు పోయే గేర్లన్నిటిలో జారుతోంది. రివర్సులో మాత్రం బాగుంది. దోషి ఎవరు?
2. రెండో గేరులో మాత్రమే జారుతోంది. దోషి ఎవరు?
3. లివరు న్యూట్రల్‌లో పెట్టినా, ఇంజను వేగం పెంచితే కారు ముందుకు పోవాలని చూస్తోంది. ఇది జారడం కాదు, దానికి వ్యతిరేకం. ఏమై ఉంటుంది?

జవాబులు

1. వెనుక క్లచ్. ముందుకు పోయే గేర్లన్నిటిలో అది ఉంది, రివర్సులో లేదు.

2. ముందు బ్యాండు. రెండో గేరులో తప్ప పట్టికలో అది ఇంకెక్కడా లేదు. సంతోషించవలసిన సంగతేమంటే, దీన్ని బిగించే మర పెట్టెకు బయటే ఉంటుంది. చాలాసార్లు దాన్ని సరిచేస్తే చాలు.

3. న్యూట్రల్‌లో ఏ క్లచ్చూ పట్టుకోకూడదు. కారు ముందుకు పోతోందంటే ఏదో ఒకటి వదలడం లేదు. ముందుకు పోయే ప్రతి గేరుకూ కావలసినది వెనుక క్లచ్. ఏకదిశ క్లచ్ దానంతట అదే బిగుసుకుంటుంది కనుక, వెనుక క్లచ్ ఒక్కటి వదలకపోయినా మొదటి గేరు పడినట్లే. కనుక వెనుక క్లచ్ బిళ్ళలు అతుక్కుపోయి ఉండవచ్చు. పట్టుకోవలసినప్పుడు పట్టుకోవడం ఎంత అవసరమో, వదలవలసినప్పుడు వదలడం కూడా అంతే అవసరం!